ఏలూరు పైన, కడప కింద

నవంబరు 17, సోమవారం. కైకలూరు.

రెండో విడత కౌన్సెలింగు తేదీలు వచ్చేశాయి. మొదటి విడతలో నాకేదీ రాలేదు. నా పీజీ ర్యాంకు చూసిన వాళ్ళెవరైనా ముందు అది ఫోన్ నంబరనుకుంటారు. ఫస్టియర్ రెండుసార్లు తప్పి, తోటివాళ్ళంతా వెళ్ళిపోయాక ఎంబీబీఎస్ గట్టెక్కి, పీజీ పరీక్ష మూడోసారి రాసిన మనిషికి ఇంతకంటే మంచి ర్యాంకు వస్తే అనుమానించాల్సిందే.

ఇదే ఆఖరని నాకు నేను చెప్పుకున్నాను. ఈసారి పిల్లల వైద్యంలో సీటు రాకపోతే ఇక పుస్తకం ముట్టను. సరోజ మేడమ్ నర్సింగ్ హోములో ఇలాగే జలుబులూ జ్వరాలూ చూసుకుంటూ ఉండిపోతాను. అదేం నామోషీ కాదు.

ఇవాళ పొద్దున కొల్లేటికోట నుంచి ఒక చంటిపిల్లను తీసుకొచ్చారు. డొక్కలెగరేస్తోంది. నెబ్యులైజర్ పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, స్టెతస్కోపు దాని చెవులకు తగిలించి నా గుండె చప్పుడు చాలాసేపు దానికి వినిపించాను. ఏడుపు ఆపింది. ఆయాసం మాత్రం ఆగలేదు. ఏలూరు పంపించాల్సి వచ్చింది. వాళ్ళమ్మ అంబులెన్సు ఎక్కుతూ, "మీరే చూడకూడదాండీ చిన్నమ్మగారూ? మీ దగ్గరైతే ఏడవదండి" అంది. ఏడవకపోవడం ఒక్కటే చాలదు కదా. మేడమ్ విని, "నువ్వు పిల్లల డాక్టరువేనోయ్, ఆ చదువొక్కటే తక్కువ" అన్నారు. ఆ ఒక్కటే కావాలి నాకు. ఇంకే సీటూ వద్దు.

ఆఖరి కార్తీక సోమవారం ఇవాళ. చిన్నప్పుడు తాడేపల్లిగూడెంలో నాన్నగారు మమ్మల్ని తెల్లవారకుండానే కాలవ రేవుకి తీసుకెళ్ళేవారు. అరటి దొప్పల్లో దీపాలు వదిలేవాళ్ళం. అందరి దీపాలూ వరసగా వెళ్ళిపోయేవి, నాది మాత్రం మెట్ల దగ్గరే తచ్చాడేది. నేను ఏడుపు మొహం పెడితే నాన్నగారు చేత్తో నీళ్ళు తోస్తూ, "వెళ్తుందిలేవే, దానికి మనల్ని వదలాలని లేదు" అనేవారు. ఆ నీళ్ళ చల్లదనం ఇప్పటికీ వేళ్ళకు తెలుస్తోంది.

నవంబరు 19

జూనియర్ ఉదయ్‌కిరణ్ ఫోన్ చేశాడు. కడపలో పిల్లల వైద్యం డిప్లొమా సీట్లు ఖాళీ ఉన్నాయట. "పోయినేడు మీలాంటి ర్యాంకు దాకా వెళ్ళాయక్కా. కళ్ళు మూసుకుని ఆప్షన్ల వరసలో అది పైన పెట్టెయ్యండి" అన్నాడు. పెడతాను. కడప మంచి ఊరే అంటారు.

నవంబరు 23, ఆదివారం. తాడేపల్లిగూడెం.

స్టేషన్లో దిగగానే ఉల్లిపాయల వాసన. గూడెం వాళ్ళకు ఆ వాసన తెలియదు, ఊరు వదిలి వెళ్ళొచ్చిన వాళ్ళకే తెలుస్తుంది. కర్నూలు ఉల్లి లారీలు ఇక్కడి మార్కెట్టుకే వస్తాయి. నేను కర్నూలు హాస్టల్లో ఫస్టియర్ చదివేటప్పుడు ఆ లారీలు రోడ్డు మీద పోతుంటే అనాటమీ పుస్తకం మూసేసి గేటు దగ్గర నిలబడేదాన్ని. ఉల్లిపాయలకున్న అదృష్టం నాకు లేదే అనుకునేదాన్ని. శనివారం వస్తే చాలు, క్లాసు ఎగ్గొట్టి రైలెక్కేదాన్ని. సోమవారం వెళ్ళాల్సినదాన్ని బుధవారం వెళ్ళేదాన్ని.

పక్క వీధిలో పెళ్ళి చేయించి నాన్నగారు మధ్యాహ్నానికి వచ్చారు. ఉత్తరీయం నిండా తలంబ్రాల పసుపు. నా మొహం చూస్తూనే, "ఆ సీట్ల వరస పెట్టేది ఎప్పుడమ్మా? మంచి రోజు చూస్తాను" అన్నారు. రిటైరయినా లెక్కల టీచరుతనం మాత్రం మానని అమ్మ వంటింట్లోంచే, "దాని వరస అది చూసుకుంటే మీ రోజు దానంతటదే మంచిదవుతుంది" అంది. ఇద్దరూ ఇలాగే ఉన్నారు. ఇలాగే ఉండాలి.

నన్ను కర్నూలు పంపిన రోజు గుర్తొచ్చింది. రైలు వేళకు మంచి ఘడియ కుదరలేదని నాన్నగారు ముందురోజే నా బట్టల సంచి పక్కింటి సుందరమ్మగారి వరండాలో పెట్టించారు. ప్రస్థానం. సంచి మంచి వేళకు గడప దాటింది కాబట్టి నేనూ బయలుదేరినట్టే లెక్క, మనిషి తర్వాత నింపాదిగా వెళ్ళినా దోషం లేదు. సాయంత్రం ఎవరూ చూడకుండా వెళ్ళి ఆ సంచి పక్కన కూర్చున్నాను. సుందరమ్మగారు చూసి, "ఏమే, సంచికి తోడొచ్చావా?" అని వేడి వేడి అట్టు పెట్టారు. ఆ అట్టు తింటూ ఎంత ఏడ్చానో. ఆవిడ పోయి రెండేళ్ళయింది. వరండాలో ఎవరిదో బైకు ఉంది.

ఫస్టియర్ తప్పినప్పుడు నాన్నగారు వీధిలో అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పారు: "పిల్ల తప్పేం లేదండీ. నేను పెట్టిన ముహూర్తం బాగులేదు." రెండోసారి తప్పినా అదే మాట. ఊళ్ళో నన్నెవరూ ఒక్క మాట అనలేదు.

ఏలూరులో కమ్యూనిటీ మెడిసిన్ సీటు కూడా ఒకటి ఉంది. సర్వేలూ లెక్కలూ తప్ప పిల్లల్ని ఎత్తుకునే పని ఉండదు. ఊరికే రాసుకున్నాను. గూడెం నుంచి రోజూ రైల్లో వెళ్ళి రావచ్చు.

నవంబరు 27, గురువారం. కైకలూరు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే నాన్నగారి ఫోను. "ఇవాళ ఉదయం దివ్యంగా ఉందమ్మా. పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా వర్జ్యం. ఆ లాకేదో వర్జ్యంలో మాత్రం వెయ్యకు."

"ఇంకా వరస తేల్చుకోలేదు నాన్నగారూ."

"సేవ్ అని ఒకటుంటుందన్నావు కదా, అది ఇప్పుడు చేసి ఉంచు. ప్రస్థానం పెట్టినట్టు. వర్జ్యం దాటాక వరస మార్చుకుని నింపాదిగా లాక్ వేసుకో."

పడీ పడీ నవ్వాను. ప్రభుత్వ వెబ్‌సైటుకు ప్రస్థానం పెట్టిన మొదటి కుటుంబం మాదే అయ్యుంటుంది. నవ్వుతూనే చేశాను. పేర్లు చేతికొచ్చిన వరసలో పెట్టి సేవ్ నొక్కాను. ఏలూరు పైన, కడప కింద. మార్చడం ఎంతసేపు? లాక్ వేసేదాకా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, గడువు సాయంత్రం ఆరింటి దాకా ఉంది.

మా నర్సు మార్తమ్మ మనవరాలి మొదటి పుట్టినరోజు ఇవాళ. వర్జ్యం అయ్యేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని మేడమ్‌కి చెప్పి ఆవిడతో కొల్లేటికోట వెళ్ళాను. దారికి రెండువైపులా చెరువులు, గట్ల మీద మేత బస్తాలు, పైన కొంగలు. చిన్నప్పుడు పెద్దింట్లమ్మ తీర్థానికి నాన్నగారితో పడవలో వచ్చాం ఇక్కడికి. నన్ను ఒళ్ళో పెట్టుకుని నీళ్ళలో చెయ్యి పెట్టనిచ్చారు. నాచు వేళ్ళకు చుట్టుకుంటే పామనుకుని అరిచాను, పడవంతా నవ్వింది.

కేకు కోశారు. పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. తర్వాత గట్టు మీద కూర్చున్నాం. ఎండ చల్లబడి నీళ్ళ మీద పడుతోంది.

"లాకేదో వెయ్యాలన్నారు కదండీ, బయల్దేరదామాండీ?" అంది మార్తమ్మ.

"ఇంకా టైముందిలే మార్తమ్మా."

ఫోన్లోనే వేసెయ్యచ్చు. సిగ్నల్ ఉంది. కానీ ఇలాంటివి గదిలో కూర్చుని పెద్ద తెర మీద చూసుకుని చెయ్యాలి. ఇంకోసారి టీ తాగాం.

గదికి వచ్చేసరికి సైటు తెరుచుకోలేదు. తెల్ల తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఆరు దాటాక తెరుచుకుని, పొద్దున సేవ్ చేసిన వరసే లాక్ అయిందని చూపించింది. ఏలూరు పైన, కడప కింద.

వర్జ్యం వల్ల ఇంత పని జరిగింది.

నవంబరు 28

పైనున్నదే వస్తుందని ఏముంది. నా ర్యాంకుకి ఏలూరు ఎలాగూ రాదు. అప్పుడు కడపే వస్తుంది.

డిసెంబరు 1, సోమవారం

ఏలూరు వచ్చింది. కమ్యూనిటీ మెడిసిన్.

కడపలో పిల్లల సీట్లు రెండు. ఒకటి ఉదయ్‌కిరణ్‌కి వచ్చింది. వాడి ర్యాంకు నా వెనక. వాడే సిగ్గుపడుతూ ఫోన్ చేశాడు. "మీరు పైన పెట్టలేదా అక్కా? పెట్టుంటే మీకే వచ్చేది." శుభాకాంక్షలు చెప్పాను.

తర్వాత నాన్నగారు. అమ్మ ఫోన్లో చూసి చెప్పిందట. ఆయన సంతోషం పట్టలేకపోతున్నారు. "ఇంటిపట్టునే సీటు! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. చూశావా, మంచి వేళకు సేవ్ చేసిన ఫలం..."

"మీ వర్జ్యం నా సీటు తినేసింది నాన్నగారూ" అన్నాను.

"అలాగామ్మా" అని ఫోన్ పెట్టేశారు.

డిసెంబరు 2

నేనన్నదాంట్లో అబద్ధమేముంది? ఆగమన్నారు, ఆగాను.

డిసెంబరు 4, గురువారం

బీపీ చూపించుకోవడానికి మండవల్లి సత్యనారాయణమూర్తిగారు వచ్చారు. చేపల చెరువుల రైతు. వాళ్ళింట్లో ఏ పనికైనా నాన్నగారి మాటే. ప్రతి రాకకూ నాకు ఒక బొచ్చె చేప తెస్తారు, మేం తినమని తెలిసి కూడా. ఉత్త చేతులతో డాక్టరు దగ్గరకు రాకూడదట. దాన్ని మార్తమ్మ తీసుకుంటుంది. ఇవాళ చేప తేలేదు.

"నాన్నగారికి ఒంట్లో బాగానే ఉందాండీ?"

"బాగానే ఉన్నారండీ. ఏం?"

"చెరువులో చేపపిల్ల వదలాలండీ. మా నాన్న కాలం నుంచీ మీ నాన్నగారు చెప్పిన టయానికే వదులుతున్నామండి. మొన్న ఫోన్ చేస్తే, 'ముహూర్తాలు మానేశానండీ మూర్తిగారూ, ఇంకెవరినైనా అడగండి' అన్నారండి. నీళ్ళు పెట్టుకుని కూర్చున్నామండి. మేమేవైనా తప్పు మాట్టాడామేమోనని మా ఆవిడ ఒకటే గోలండి."

బీపీ ఎక్కువే ఉంది. రెండోసారి చూశాను. మూడోసారీ చూశాను.

మిగతా పేషెంట్లను మేడమ్ చూశారు.

డిసెంబరు 7, ఆదివారం. తాడేపల్లిగూడెం.

నాన్నగారి పీట ఉన్నచోటే ఉంది. దాని పక్కన ఎప్పుడూ విప్పి ఉండే పంచాంగం లేదు. వీధరుగు మీద ఎవరూ లేరు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆ అరుగు ఖాళీగా ఉండగా చూడలేదు. పిల్లల పేర్లకీ, బోరు తవ్వకాలకీ, కొత్త ట్రాక్టర్లకీ ఎవరో ఒకరు చెప్పులు విడిచి కూర్చునే ఉండేవారు. వాళ్ళు తెచ్చిన అరటిపళ్ళతోనే నేనింత దాన్నయ్యాను.

అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. తల ఎత్తకుండా అడిగింది.

"వర్జ్యం ఎన్నింటికి అయిందే?"

"ఒంటిగంటకి."

"మీ గడువు?"

"ఆరింటికి."

"మధ్యలో అయిదు గంటలు ఎక్కడికి పోయాయి? నేను లెక్కల టీచర్ని, నాకు చెప్పు."

నేనూ ఒక చిక్కుడుకాయ అందుకున్నాను. "ఆడలేక మద్దెల ఓడందిట" అని చిక్కుళ్ళ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

నాన్నగారు పెరట్లో పారిజాతం కింద పూలు ఏరుతున్నారు. నేనూ కూర్చుని ఏరాను. చాలాసేపు ఏరాక అన్నాను.

"వర్జ్యం కాదు నాన్నగారూ. అది అయిపోయేసరికి నేను కొల్లేటికోటలో కేకు తింటున్నాను. ఫోను చేతిలోనే ఉంది. కడప పైన పెట్టాలంటే చెయ్యి రాలేదు. అంతదూరం మళ్ళీ వెళ్ళాలంటే నాకు... కర్నూల్లోనూ అంతే. పాఠాలు అర్థంకాక తప్పలేదు నేను. బెంగతో తప్పాను."

"తెలుసమ్మా" అన్నారు.

"ఏది తెలుసు?"

"రెండూ. వర్జ్యం ఎప్పుడయిందో చెప్పినవాణ్ణి నాకు తెలియదా? కర్నూలప్పుడూ తెలుసు. వారం వారం వచ్చి వంటింట్లో మీ అమ్మ కొంగు పట్టుకు తిరిగేదానివి. ఊళ్ళోవాళ్ళు నిన్నేమైనా అంటే తట్టుకోలేవని ముహూర్తం బాగులేదన్నాను. నిజానికి అది మంచి ముహూర్తం తల్లీ. అలాంటిది మళ్ళీ పెట్టలేదు నేను."

పూలు ఏరడం ఆపాను.

"అయితే ఇప్పుడెందుకు మానేశారు? నేనన్నందుకేనా? కోపం వచ్చిందా?"

"కోపం కాదు. నా మాట చాటున నా కూతురే దాక్కుంటోంది. దాక్కోడం నేర్పింది నేనే. ఇంక ఊళ్ళోవాళ్ళకి ఏ మొహంతో చెప్పను?"

నా జన్మలో నాన్నగారి ముందు అంత ఏడవలేదు. ఆయన ఓదార్చలేదు. నా ఒళ్ళో పడిన పూలు కూడా ఏరుకుని లేచారు.

ఉదయ్‌కిరణ్‌కి నేనే ఫోన్ చేశాను. వాడితోపాటు కడప వచ్చిన అమ్మాయి చేరడం లేదట. ఆ సీటు మూడో విడతకు వెళ్తుంది.

డిసెంబరు 8, సోమవారం. ఏలూరు.

చేరడానికి ఇవాళే ఆఖరు. నాన్నగారు తనూ వస్తానన్నారు. పాసింజర్లో కిటికీ పక్క సీటు నాకిచ్చారు, చిన్నప్పటిలాగే. ఏలూరు కాలవ వంతెన మీద ఆటో ఆగిపోతే కిందకు చూశాను. ఈ ఊళ్ళో మా పెద్దత్తయ్య ఉండేది. సెలవులకు వస్తే ఈ వంతెన మీదే జామకాయలు కొనిపెట్టేది, ఉప్పూ కారం అద్ది. రోజూ ఈ దారినే వెళ్ళి రావచ్చు నేను. సాయంత్రానికి ఇంట్లో ఉండచ్చు. ఆ కాసేపు నిజంగానే మనసు లాగింది.

ఆఫీసులో అబ్బులుగారని ఒక పెద్దాయన నా కాగితాలన్నీ చూశారు. మార్కుల జాబితాలో ఫస్టియర్ దగ్గర ఆగి కళ్ళజోడు మీదుగా నన్ను చూశారు. ఆఖర్న అడిగారు.

"అప్‌గ్రేడ్ కావాలాండీ, వద్దాండీ?"

"కావాలంటే?"

"మూడో విడతలో మీరడిగింది వస్తే ఇది పోద్దండి. మళ్ళీ ఏలూరు కావాలంటే కుదరదండి. ఆడపిల్లలు, దగ్గర్లో వచ్చింది, చాలామంది వద్దంటారండి. బయట నాన్నగారున్నారు కదా, కనుక్కుని రండి."

"అక్కర్లేదండీ. కావాలి."

అక్కడే నిలబడి మూడో విడతకు ఒకే ఒక్క పేరు పెట్టాను. కడప, పిల్లల వైద్యం. లాక్ వేశాను. ఈసారి ఫోన్లోనే.

బయట బల్ల మీద నాన్నగారు కునుకు తీస్తున్నారు. లేపి చెప్పాను. ఏ టైముకు వేశావని ఆయన అడగలేదు. నేనూ చూడలేదు.

డిసెంబరు 12

సరోజ మేడమ్‌కి చెప్పాను. "రాకపోతే?" అన్నారు. "రాకపోతే ఏలూరే మేడమ్." "వస్తే?" ఆ ప్రశ్నకే నాకు నిద్ర పట్టడం లేదు.

డిసెంబరు 19, శుక్రవారం

వచ్చింది.

డిసెంబరు 20, శనివారం. తాడేపల్లిగూడెం.

నిన్న అందరూ అభినందించారు. మార్తమ్మ ప్రార్థన చేయించింది. మేడమ్ తన పిల్లల వైద్యం పుస్తకం ఇచ్చేశారు. ఉదయ్‌కిరణ్ కడపలో హాస్టలు దగ్గర మెస్సుల పేర్లు పంపాడు. నేను అందరికీ నవ్వుతూ కృతజ్ఞతలు చెప్పాను. కావాలనుకున్నదే వచ్చింది కదా. లోపల మాత్రం నిన్నటి నుంచి ఒకటే దిగులు, కర్నూలు హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డప్పటిదే, అంతే పదునుగా ఉంది. ఇన్నేళ్ళలో అది కాస్తయినా అరిగి ఉంటుందనుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి నాన్నగారు ఫోన్లో ఉన్నారు. "బుధవారం తెల్లవారుజాము బాగుందండీ మూర్తిగారూ. పిల్ల వదిలెయ్యండి. ఆ తర్వాత నీళ్ళు సరిగ్గా చూసుకోవడం మీ పని, అది నా పంచాంగంలో లేదు" అంటున్నారు. అమ్మ లోపలి నుంచి నవ్వడం వినపడింది.

ఫోన్ పెట్టి నా వైపు తిరిగారు. నన్ను ఎప్పుడు బయలుదేరమంటారో అడుగుతాననుకున్నారేమో, కళ్ళజోడు సర్దుకున్నారు. ఎప్పుడూ అదే అడిగాను కదా.

"భయంగా ఉంది నాన్నగారూ" అన్నాను.

ముప్ఫయ్యో ఏడు వస్తుండగా ఆ మాట మొదటిసారి అన్నాను. అంతకు ముందు ఎప్పుడూ ఒంట్లో బాగులేదనో, మెస్సు బాగులేదనో, రోజు బాగులేదనో అన్నాను తప్ప.

నాన్నగారు కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. "ఉంటుందమ్మా. అది ఉండగానే వెళ్ళు" అన్నారు.

రైలు టిక్కెట్టు తీసుకున్నాను. మంగళవారం. సామాను సర్దుతుంటే అమ్మ వచ్చి నేను మడతపెట్టిన బట్టలన్నీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.